రెండు బొటనవేళ్ల తొడుగులు

జనవరి నెలలో ఆ దీవిలో పొద్దు పొడవదు. మధ్యాహ్నం కాసేపు దక్షిణం దిక్కున ఆకాశం విరిగిన పాలలా తెల్లబడుతుంది, అంతే, మళ్లీ నల్లబడిపోతుంది. ఆ కాస్త వెలుతురులోనే తెరచాపలు చూసుకోవాలి, తాళ్లు సరిచేసుకోవాలి, పెట్టెలు సర్దుకోవాలి. లోఫోటెన్ దీవుల దగ్గరికి కాడ్ చేపల వేటకు పోయే రోజులు మరి. పోయినవాళ్లు మళ్లీ వసంతానికే ఇల్లు చూసేది.

పెట్టె సర్దడం అక్కడ ఆడవాళ్ల పని. మగవాడు ఇంటి దగ్గర మూత ఎత్తి చూడడు. చూశాడంటే ఇల్లాలి మీద నమ్మకం లేనట్టే లెక్క. ఐలెర్ట్ పెట్టెను ఇన్నేళ్లూ అతని భార్య బేరిట్ సర్దింది. ఆకురాలు కాలంలో బేరిట్ పోయింది. కొడుకు సరుకుల ఓడ మీద దక్షిణానికి వెళ్లి ఉన్నాడు. అందుకని ఈ ఏడు పెట్టె కోడలు గూరో చేతిలో పడింది.

గూరోది సముద్రం ఊరు కాదు. కొండల వెనక లోయ నుంచి పోయిన వేసవిలోనే కాపురానికి వచ్చింది. అయినా పిల్ల పనిమంతురాలు. బార్లీ రొట్టెలు కాగితంలా పల్చగా కాల్చి దొంతర పెట్టింది. వెన్నను చెక్క డబ్బాలో గాలి చొరకుండా నొక్కింది. ఎండు గొర్రెమాంసం, కాఫీ గింజలు, ఉన్ని చొక్కాలు, బూట్లలో పరుచుకోవడానికి ఎండుగడ్డి, అన్నీ వేటి చోట అవి. ఐలెర్ట్ ఆ వైపు చూడకుండా చుట్టూ తిరుగుతున్నాడు గాని, వెన్న వాసన తగిలినప్పుడల్లా అతని మనసు కుదుటపడుతూనే ఉంది.

అతనికి ఉన్న దిగులల్లా చేతులదే. నిరుడు మంచుకు ఎడమచేతి చివరి రెండు వేళ్లూ సగం చచ్చుబడ్డాయి. పడవ నడిపించే తండేలు హాగ్‌బార్ట్, బేరిట్ తమ్ముడు. వారం కిందటే వచ్చి మొహం మీదే చెప్పేశాడు.

"బావా, నీ చేతి తొడుగులు బాగుంటే సరే. బాగోకపోతే ఈ ఏడు ఒడ్డునే కూచుని పిల్లికి కథలు చెప్పుకో. నీ తెడ్డు కోసం కుర్రాళ్లు కాచుకొని ఉన్నారు."

"మీ అక్క పోయే ముందు కొత్త జత అల్లి పెట్టిపోయిందిరా," అన్నాడు ఐలెర్ట్. "నా చేతుల సంగతి నీకెందుకు, నీ చుక్కాని చూసుకో."

ఆ జత తప్ప మంచివి లేవు. మిగిలినవన్నీ పడవ పాకలో పడేసిన పాతవి, అతుకుల మీద అతుకులు. ఒడ్డున మిగిలిపోయిన ముసలివాళ్లను అతను చూశాడు. వాళ్లు మళ్లీ ఎప్పుడూ పడవ ఎక్కలేదు.

బయలుదేరే ముందురోజు తండేలు పెళ్లాం ఇల్లిల్లూ తిరిగి పెట్టెలు చూసి రావడం అక్కడి రివాజు. హాగ్‌బార్ట్ పెళ్లాం ఓలియానా వచ్చింది. రొట్టె విరిచి చూసింది, వెన్న వేలితో నాకి చూసింది, తల ఊపింది. తర్వాత అడుగు నుంచి చేతి తొడుగులు పైకి తీసింది.

"ఇవెవరికే? బడికి పోయే పిల్లోడికా?"

"మామయ్యకే పిన్నీ. కొలత తీసుకొని మరీ అల్లాను. చేతికి అతుక్కుపోతాయి."

"అతుక్కుపోతాయి, కాదన్లేదు. చర్చికి భేషుగ్గా వేసుకుపోవచ్చు." ఓలియానా నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓసి పిచ్చిదానా, ఇవి వారం ఉప్పునీళ్లు తాగితే పిల్లి కాలికి కూడా పట్టవు. సముద్రం తొడుగులంటే ఎలుగుబంటికి అల్లినట్టు అల్లాలి. నీళ్లకీ, చేప జిగురుకీ, తెడ్డు రాపిడికీ వాటంతటవే దగ్గరపడి చేతికి వస్తాయి. ఇంకో బొటనవేలేది? ఒక్కో దానికి రెండుండాలి. అరచెయ్యి అరిగితే తిప్పి తొడుక్కోవద్దూ? పసిపిల్లలక్కూడా తెలుసే ఇది."

"మా లోయలో పసిపిల్లలకి తెలీదు పిన్నీ," అంది గూరో. అని, పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడింది.

"ఏమైందే?"

"అత్తయ్య బుట్టలో ఒక జత ఉండింది. ఇంతేసి పొడుగు. రెండేసి బొటనవేళ్లు. చివర్లో ఆవిడకి చూపు ఆనలేదు కదా, అందుకే అట్టా వచ్చాయనుకున్నా. ఎవరి కంటన్నా పడితే పోయిన మనిషిని నవ్వుతారని..."

"ఊఁ, ఏం చేశావు?"

"విప్పేశా. ఆ ఉన్నితోనే ఇవి అల్లా. మిగిలింది ఉండ చుట్టి దాచా. మా ఆయనతో కూడా చెప్పలేదు."

ఐలెర్ట్ గుమ్మంలోనే ఉన్నాడు, పొయ్యిలో వంటచెరుకుగా కాల్చే ఎండు మట్టిగడ్డలు మోసుకొస్తూ. అంతా విన్నాడు.

బేరిట్ మంచంలో కూర్చుని అల్లిన జత అది. నీరు పట్టకుండా ఉంటుందని ఉన్నిలో తన తలవెంట్రుకలు కూడా కలిపి వడికింది. ఆమె చేతులు చేసిన ఆఖరి పని అది. నోటిదాకా మాట వచ్చింది. అంతలో కోడలి వైపు చూశాడు. ఈ పిల్ల ఇన్నాళ్లూ తన అత్తకు లేని తప్పును ఉందనుకుని, దాన్ని కడుపులో పెట్టుకుని కాపాడింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. బేరిట్ పరువు కోసం ఇంత చేసినవాళ్లు ఈ దీవి మొత్తంలో ఇంకెవరున్నారు? తాను మాత్రం ఒక్కనాడైనా ఆ పిల్లకు సముద్రం సంగతి చెప్పాడా? పిల్లికి ఎలుకను పట్టడం నేర్పాలా అన్నట్టు ఊరుకున్నాడు.

మట్టిగడ్డలు దించాడు. పీట లాక్కుని కూర్చుని ఒక తొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"దీని కొస ఎక్కడుందమ్మాయ్?"

"మామయ్యా, నన్ను నాలుగు తిట్టండి."

"తిట్టడానికి వసంతంలో తీరిగ్గా వస్తాగా. ముందు దారం పట్టు."

అతను లాగుతుంటే వరస వెంట వరస ఊడి వచ్చింది. ఓలియానా పైశాలువ తీసి మేకుకు తగిలించింది. "ఒకటి నాకిచ్చెయ్. రెండోది నువ్వు కానియ్. రేపు మా ఆయన నోరు మూయించాలంటే ఇద్దరం పట్టాల్సిందే."

ఇద్దరి సూదులూ కదిలాయి. ఐలెర్ట్ రెండు చేతులూ చాచి, ఊడిన దారాన్ని వాటికి చుట్టించుకుని కూర్చున్నాడు. తెల్ల ఉన్నిలో నెరిసిన వెంట్రుకలు అరచేతికి సన్నగా గుచ్చుకున్నాయి. అతను చేతులు కదపలేదు.

పెద్దవి తయారయ్యాయి. తొడుక్కుంటే మోచేతి దాకా వచ్చాయి.

"ఇవి దగ్గరపడేసరికి వారం," అంది ఓలియానా పెదవి విరిచి. "అందాకా తెడ్డు మీద జారతాయి. ఆ వారంలోనే ఆ రెండు వేళ్లూ పోతాయి."

గూరో తలెత్తింది. "దగ్గరపడటమేగా కావాల్సింది? అది నాకొచ్చు. మా లోయలో గొంగళ్లన్నీ తొక్కే దగ్గరచేస్తాం."

సముద్రపు నీళ్లు తెమ్మంది, గోరువెచ్చగా కాచింది, తొట్టిలో పోసింది. పావడా ఎగదోపి తొడుగుల మీద తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికోసారి తీసి, పిండి, "చెయ్యి ఇవ్వండి మామయ్యా," అనేది. తొడిగి చూసి, చాలకపోతే మళ్లీ తొక్కేది.

"ఇన్నేళ్ల కాపురంలో తొడుగుల మీద చిందులేసే దాన్ని నిన్నే చూశా," అంది ఓలియానా.

"నవ్వకపోతే నువ్వూ దిగకూడదూ, తొట్టి పెద్దదేగా," అంది గూరో. ఓలియానా నిజంగానే మేజోళ్లు విప్పింది.

మర్నాడు పొద్దున సముద్రం పోటు మీదున్న వేళకు అందరూ ఒడ్డుకు చేరారు. హాగ్‌బార్ట్‌కు సంగతంతా తెలిసినట్టే ఉంది. నేరుగా పరీక్షకే దిగాడు. తొడుగులు తీసుకుని సముద్రంలో ముంచి, పిండి, ఐలెర్ట్‌కు ఇచ్చాడు. మంచుపట్టి కర్రలా బిగిసిన తెరచాప తాడు చేతిలో పెట్టాడు.

"పెట్టెలన్నీ ఎక్కించేదాకా వదలకు బావా."

పెట్టెలు ఒక్కొక్కటే ఎక్కాయి. గాలి మొహం కోస్తోంది. గూరో కళ్లు అతని ఎడమచేతి మీదే ఉన్నాయి. చివరి పెట్టె ఎక్కాక హాగ్‌బార్ట్ దగ్గరికొచ్చాడు.

"తియ్. వేళ్లు ఆడించు."

మూడు వేళ్లు చప్పున ముడుచుకున్నాయి. మిగతా రెండూ బద్ధకస్తుల్లా నెమ్మదిగా వంగాయి. కానీ వంగాయి. హాగ్‌బార్ట్ ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది.

"ఎక్కు," అన్నాడు. "నీ చోటు ఖాళీగానే ఉంది."

ఆ దీవి జనం అన్నిటికీ నీ మేలు మరవనని చెప్పుకునేవాళ్లే. తిన్న తిండికి చెబుతారు, నిన్న తాగిన కాఫీకి ఇవాళ ఎదురుపడి చెబుతారు. ఒక్క పడవ ఎక్కేటప్పుడు మాత్రం ఆ మాట ఎవరూ అనరు. అంటే, ఇక తిరిగి రానని చెప్పినట్టు. ఐలెర్ట్ ఒక కాలు పడవలో పెట్టి ఆగాడు. ఆ మాట గొంతులో కాడ్ చేప ముల్లులా అడ్డం పడింది. మింగాడు. వెనక్కి తిరిగాడు.

"అమ్మాయ్, వచ్చే ఏడు బొటనవేలు ఇంకాస్త పొడుగ్గా అల్లు."

గూరో కళ్లు తుడుచుకుంది. "ఏ బొటనవేలు మామయ్యా? నాలుగున్నాయి."

"నాలుగూను."

"వచ్చే ఏడు కూడా వస్తాడంట," అని గొణుక్కుంటూ హాగ్‌బార్ట్ చుక్కాని దగ్గరికి పోయి, పడవ నెట్టమన్నాడు.