ఊఁ కొట్టిన అమ్మ

బళ్లు తెరిచాక రెండు నెలలపాటు ఆ కుట్టుమిషను ఆవిడకి ఊపిరాడదు. వీధిలో సగంమంది పిల్లల యూనిఫారాలు ఆవిడ చేతిమీదుగానే వెళ్లాలి. వెలుతురు కోసం మిషను కిటికీవైపు వేసుకుంది. అందుకని గదివైపు ఎప్పుడూ వీపే. ఎనిమిదేళ్ల కూతురు బడినుంచి రాగానే వెనకాల బట్టల మూటమీద చతికిలబడి, ఆ వీపుకే కబుర్లన్నీ చెప్పుకునేది. ఆవిడ ఊఁ కొట్టేది. దారం తెంపినప్పుడల్లా ఒక ఊఁ. పిల్ల ఏం చెప్పిందంటే ఒక్క ముక్క తెలీదు గానీ, ఊఁ మాత్రం తప్పేది కాదు. పిల్లల కబుర్లకి అంతకన్నా ఏం కావాలి అనుకునేది మహాతల్లి.

ఒకరోజు టీచరు పిలిపించింది. నోటుబుక్కులో సగం పేజీలు ఖాళీ. బోర్డుమీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయట. ఇంట్లో చెప్పలేదా అంటే, "చెప్పాను. అమ్మ ఊఁ అంది" అందట పిల్ల. టీచరు మామూలుగానే చెప్పింది గానీ, ఆవిడకి తల తీసేసినట్టయింది.

కళ్ల డాక్టరు అద్దాలు రాశాడు. ఎడమకన్ను బాగా మందగించిందనీ, కొన్ని నెలలు రోజూ కాసేపు కుడికన్ను మూసి కట్టి ఎడమదాన్ని పనిలో పెట్టాలనీ, ఇంకాస్త ముందొస్తే బాగుండేదనీ అన్నాడు. దారంతా ఆవిడ పిల్ల చెయ్యి వదల్లేదు. దారంతా పిల్ల నోరు విప్పలేదు. మర్నాడూ అంతే. తింటుంది, రాసుకుంటుంది, పడుకుంటుంది, మాట మాత్రం లేదు. ఇల్లు బావురుమంటోంది. వాగుడుకాయా అని విసుక్కున్న నోటితోనే, ఒక్క మాట మాట్లాడవే అని బతిమాలుకుంది.

మూడోరోజు సాయంత్రం మిషనుకి మూతేసి, పిల్లకి ఎదురుగా కింద కూర్చుంది. చెప్పమ్మా అంది. పిల్ల ఒకసారి మొహంలోకి చూసి తల దించుకుంది. చివరికి గొణిగింది.

"నువ్వు అటు తిరుగు."

ఆవిడ మనసు చివుక్కుమంది. తన మొహంతో మాట్లాడ్డం పిల్లకి అలవాటు లేదు, అలవాటు చేసింది తను కాదూ. లేచి, స్టూలుమీద కిటికీవైపు తిరిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వెనకనుంచి సన్నగా వినిపించింది.

"అమ్మా, నా కన్ను పోతుందా?"

అలవాటుకొద్దీ గొంతుదాకా వచ్చిన ఊఁని మింగేసింది.

"పోదు. డాక్టరు చెప్పాడు. కట్టు ఉన్నంతసేపూ నేను నీ పక్కనే కూర్చుంటాను."

"మరి మిషనో?"

"ఆగుతుంది."

పిల్ల ముక్కు ఎగబీల్చింది. దగ్గరికి తీసుకోవాలని తల్లి ప్రాణం కొట్టుకుపోతోంది. ఇటు తిరగనా అని అడిగింది.

"ఇప్పుడే వద్దు. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి" అంది పిల్ల.

ఆవిడ తిరగలేదు.