దూది మార్చే చేతులు

గురువారం పొద్దున ఎల్వుడ్ స్కాగ్స్ దుకాణంలోకి అడుగుపెట్టేసరికి వెర్నా టాకెట్ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని ఏవో కాగితాలు చదువుతోంది. మామూలుగా అయితే తలుపు గంట మోగగానే "రండి మాస్టారూ" అంటూ చెయ్యి చాచేది. ఆయన జేబులోంచి ఈ-సిగరెట్ తీసి ఆ చేతిలో పెట్టేవాడు. ఇవాళ ఆ చెయ్యి ముందుకు రాలేదు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడాయన.

"ఒళ్ళు బాగానే ఉంది మాస్టారూ. వాషింగ్టనే బాగాలేదు."

వెస్ట్ వర్జీనియా కొండల నడుమ, బొగ్గు పడవలు పోయే నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. లాండ్రీకీ, మూతపడిన చెప్పుల కొట్టుకీ మధ్య వెర్నా దుకాణం. బడిలో ఆమెకు భూగోళం చెప్పింది ఎల్వుడే. రెండేళ్ళ కిందట సిగరెట్టు మాన్పించింది ఆమె. నలభై ఏళ్ళు తాగినవాడు, భార్య నార్మా పోయాక దానికి రెట్టింపు తాగినవాడు, ఒక రోజు డాక్టరు నోట ఆక్సిజన్ సిలిండరు మాట విని, ఎటు పోవాలో తెలియక ఈ దుకాణంలోకి వచ్చి నిలబడ్డాడు. వెర్నా ఆయన చేతిలో ఈ గొట్టం పెట్టి, "ఇది పీల్చండి, ఆ సిగరెట్టు పెట్టె బయట పారేయండి" అంది. అంతే. ఇప్పుడు ఆయన నార్మా సమాధి ఉన్న కొండ ఎక్కుతూ ఒక్కచోటే ఆగుతున్నాడు.

చిక్కల్లా దూది దగ్గర. గొట్టంలో చిన్న తీగచుట్ట ఉంటుంది. దాన్ని కాయిల్ అంటారు. దాని మధ్యలో దూది. ఆ దూది జ్యూస్ అనే నికోటిన్ రసాన్ని పీల్చుకుంటే, తీగ వేడెక్కి ఆవిరి చేస్తుంది. వారం తిరిగేసరికి దూది మాడుతుంది, మార్చాలి. మిగతావాళ్ళు కౌంటరు దగ్గర కూర్చుని, చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని, కబుర్లాడుతూ ఎవరిది వాళ్ళు మార్చుకుంటారు. ఒకప్పుడు నల్లబల్ల మీద చూడకుండా ఆఫ్రికా గీసిన ఎల్వుడ్ చేతులకి ఇప్పుడు వణుకు. ఆయన దూది వెర్నా మారుస్తుంది. దానికి పైసా తీసుకోదు.

"ఆగస్టు నుంచి ఈ గొట్టాలనీ పొగాకు చట్టం కిందికి తెస్తున్నారు," అంది వెర్నా. " దుకాణంవాళ్ళు ఎవరిదైనా విప్పి కాయిల్ పెట్టినా, దూది మార్చినా, అది తయారీ కిందికి వస్తుందట. నేను తయారీదారుణ్ణట! అనుమతి లేకుండా చేస్తే కొట్టు మూసేయిస్తారు."

స్టూలు మీద కూర్చుని పెప్పరోనీ రోల్ నములుతున్న జూనియర్ బ్రాగ్ నవ్వాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి, వయసులో ఎల్వుడ్ ఈడువాడు. "అయితే పంతులుగారి గొట్టంలో దూది కూరితే ఫ్యాక్టరీ పెట్టినట్టా? చిమ్నీ ఏదే?"

"నవ్వు నవ్వు. నువ్వు కూర్చునే స్టూలు కూడా అమ్మేసే రోజొస్తే తెలుస్తుంది."

"ఇందులో ఇంకో అర్థం లేదా?" అన్నాడు ఎల్వుడ్. బడిలో పిల్లవాడు తప్పు జవాబు రాసినప్పుడు కూడా ఆయన ఇలాగే అడిగేవాడు.

"మా దుకాణదారుల సంఘం లాయరు ఏమీ కాదు, మార్చొచ్చు అంటాడు. ఇంకో లాయరు ముట్టుకుంటే ఛస్తావు అంటాడు. వాషింగ్టన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే పాట వినిపించి పెట్టేశారు. ఎవరికీ తెలీదు మాస్టారూ. తెలీనప్పుడు నేను భయపడ్డమే మంచిది."

ఎల్వుడ్‌కి ప్రభుత్వం మీద కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో. బడి మరుగుదొడ్లలో పిల్లలు మామిడిపండు వాసన ఆవిరి ఊదుతున్నారని, పాత తోటి ఉపాధ్యాయులు చెబితే విన్నాడు. ఎవరో ఒకరు అడ్డుకోవాల్సిందే. కానీ వాళ్ళని ఆపడానికి వేసిన కంచె తన మెడకే ఎందుకు తగలాలో ఆయనకు అర్థం కాలేదు.

"ఇవాళ్టికి ఇంకా జులైయే కదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

వెర్నా కాగితాలు పక్కన పడేసి చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి."

ఆ మిగిలిన రోజుల్లో ఊళ్ళోవాళ్ళంతా చేసిన పనే ఎల్వుడ్ కూడా చేశాడు. జ్యూస్ దాచుకున్నాడు. రేపు దొరుకుతుందో లేదో, రుచులు ఉంచుతారో తీసేస్తారో అని జనం దుకాణం మీద పడ్డారు. చలిలో పెడితే ఏళ్ళ తరబడి పాడవదని ఎవరో అన్నారు. ఆయన వంటింటి ఫ్రీజరులో బఠానీల పొట్లాలూ, చర్చివాళ్ళు వండి ఇచ్చిన క్యాసరోల్ కూర గిన్నెలూ బయటికి వచ్చాయి, సీసాలు లోపలికి వెళ్ళాయి. నార్మా ఉంటే ఏమనేదో ఆయనకు తెలుసు. "పాలు పెట్టుకోడానికి కాస్త చోటు ఉంచండి" అనేది. ఒక అర పాలకి వదిలాడు.

కూతురు కొలీన్ ఆదివారం వచ్చి ఫ్రీజరు తలుపు తీసింది.

"నాన్నా! ఇదేంటి, దుకాణం పెడుతున్నావా?"

"ముందు జాగ్రత్త."

"ఇన్ని సీసాలు నీ కోసమేనా? ఇదీ పాడు అలవాటే కదా నాన్నా."

"పాడుదే. కాకపోతే పాతదానికన్నా కాస్త తక్కువ పాడుదని అనుకుంటున్నాను. అదీ ఖాయంగా తెలీదు. నీకేమైనా తెలుసా?"

కొలీన్ క్యాసరోల్ గిన్నెలు రెండు తన కారులో పెట్టుకుంది. తన ఇంట్లో ఫ్రీజరు ఖాళీగానే ఉందంది. అది వట్టి అబద్ధమని ఎల్వుడ్‌కి తెలుసు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఫ్రీజరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

జులై ఆఖరి గురువారం వెర్నా చివరిసారి దూది మార్చింది. మార్చాక ఆయన్ని కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, పాత గొట్టం ఒకటి ఇచ్చి, పద్ధతి నేర్పింది. తీగ కాళ్ళు రంధ్రాల్లో దూర్చాలి. మరలు బిగించాలి. దూది మరీ ఎక్కువైతే రసం పారదు, తక్కువైతే కారిపోతుంది. ఎల్వుడ్‌కి అంతా స్పష్టంగా కనిపించింది, అంతా అర్థమైంది. వేళ్ళే మాట వినలేదు. స్క్రూడ్రైవరు మర తల మీద నిలవకుండా జారి కౌంటరు మీద గీత పెట్టింది.

"నిదానంగా మాస్టారూ."

"నిదానంగానే చేస్తున్నానమ్మా. నా చేతులే తొందరపడుతున్నాయి."

ఆగస్టు రెండో వారంలో గొట్టంలోంచి మాడు వాసన వచ్చింది. ఎల్వుడ్ మధ్యాహ్నం భోజనం అయ్యాక వంటింటి బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద సామాన్లు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. పాత దూది తీసేశాడు. అంతవరకూ బాగానే జరిగింది. కొత్త దూది మెలిపెట్టి కాయిల్‌లోకి తోస్తుంటే చెయ్యి ఒక్కసారి కొట్టుకుంది. తీగ వంగింది. సరిచేయబోతే తెగింది. ఇంకో తీగ చుట్టాడు. అది మర కింద నిలవలేదు. మూడోది ఎలాగో బిగిసింది. ఆయన సంతోషంగా గట్టిగా పీల్చాడు. గొంతులో నిప్పు పడ్డట్టయింది. దూది ఎక్కువైంది, రసం పారలేదు, ఎండిన దూదే కాలింది. ఆయన దగ్గుతూ, కళ్ళనీళ్ళు కారుతుంటే సింకు పట్టుకుని నిలబడ్డాడు.

నీళ్ళు తాగి వెనక్కి తిరిగితే ఎదురుగా ఫ్రీజరు కనిపించింది. ఏళ్ళకి సరిపడా జ్యూస్ దాచుకున్నాడు. అసలు తనకు కరువైంది జ్యూస్ కాదు, చేతులు. అవి ఏ సీసాలో దాచుకోగలడు?

సాయంత్రం అయ్యేకొద్దీ ఒళ్ళు చిరచిరలాడసాగింది. రెండేళ్ళుగా మర్చిపోయిన ఆకలి అది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, పోర్చిలోకి వెళ్ళాడు, వచ్చాడు. ఆ తర్వాత తనేం చేస్తున్నాడో తనకు తెలియనట్టు నటిస్తూ కారు తీశాడు.

పెట్రోలు బంకులో అమ్మాయి సిగరెట్టు పెట్టె ఇస్తూ, "అగ్గిపెట్టె కూడానా?" అంది. దూది కూరితే నేరం, ఈ పెట్టె అమ్మితే కాదు కదా అనిపించిందాయనకి. సిగరెట్టు కొనుక్కోడానికి నిలకడైన చేతులతో పని లేదు. ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎంత సులువు!

కారులో కూర్చుని పెట్టె మీది పల్చటి కాగితాన్ని బొటనవేలితో రాశాడు. చింపలేదు. ఒక్కటి వెలిగిస్తే రేపు ఇంకోటి, చలికాలానికి సిలిండరు, ఆ కొండ దారి కింది మలుపు దగ్గరే ఆగిపోతుంది. ఆయన పెట్టె చొక్కా జేబులో పెట్టుకుని, కారు ఇంటివైపు తిప్పకుండా వెర్నా దుకాణంవైపు తిప్పాడు.

దుకాణంలో వెర్నా, స్టూలు మీద జూనియర్, గోడ పక్కన సీసాలు చూస్తూ టై కట్టుకున్న కొత్త మనిషి. ఆ ఊళ్ళో అంత్యక్రియలకి తప్ప టై కట్టేవాళ్ళు లేరు. జూనియర్ కూడా నోరు మూసుకుని కూర్చున్నాడంటే, తనిఖీకి వచ్చిన ప్రభుత్వ మనిషేమోనని అందరికీ అనుమానమన్నమాట.

ఎల్వుడ్ కౌంటరు మీదికి వంగి, గొట్టం చూపించి, గొంతు తగ్గించాడు. "ఒక్కసారి అమ్మా. ఈ ఒక్కసారికి."

వెర్నా గొట్టాన్ని చూసింది. టై మనిషి వీపు చూసింది. ఆమె రెండు చేతులూ కౌంటరు కిందికి పోయాయి. "నన్ను అడగకండి మాస్టారూ."

"వెనక గదిలోనైనా..."

"మీరడిగితే నేను కాదనలేను. అందుకే అడగొద్దంటున్నా." "ఇది మూసేయిస్తే, ఇక్కడికొచ్చేవాళ్ళంతా సిగరెట్లకి మళ్ళీ బంకుకి పోతారు. మీరొక్కరే కాదు."

ఎల్వుడ్‌కి ఒళ్ళంతా సిగ్గు పాకింది. తన శిష్యురాలిని తప్పు చేయమని అడిగాడు. అంత వయసొచ్చి. "పొరపాటయిందమ్మా" అని గొట్టం జేబులో పెట్టుకున్నాడు. అక్కడ సిగరెట్టు పెట్టె ఉంది. గొట్టం దానికి తగిలి చప్పుడైంది.

జూనియర్ స్టూలు దిగాడు. "పంతులూ, బయటికి రా."

"దేనికి?"

"రమ్మంటే రావయ్యా. బడి గంట కొడితేగానీ కదలవా?"

కార్లు నిలిపే చోట జూనియర్ తన పాత ట్రక్కు వెనక తలుపు దించి, చేత్తో దుమ్ము తుడిచి, "కూర్చో" అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "వాళ్ళ రూలు దుకాణానికి. ఇది నా ట్రక్కు. నేను తయారీదారుణ్ణి కాదు, ఏదీ అమ్మను. నీ గొట్టం ఇలా పడెయ్."

"నీకొచ్చా?"

"చేతికొచ్చు. కంటికి రాదు. షుగరు నా కళ్ళు తినేసింది, దగ్గరిదంతా మసక. ఎవరూ లేనప్పుడు నాదీ వెర్నాయే చూసి సర్దేది. ఇప్పుడు నేనూ నీ పడవలోనే ఉన్నా, సిగ్గేసి చెప్పలా."

ఎల్వుడ్ అతని వైపు తిరిగాడు. రోజూ తనను ఆటపట్టించిన మనిషి లోపల ఇదే దిగులుతో కూర్చున్నాడన్నమాట.

"అయితే నేను చూస్తాను, నువ్వు చెయ్యి," అన్నాడు.

జూనియర్ చేతులు పెద్దవి, వేళ్ళ సందుల్లో బొగ్గు మచ్చలు. కానీ తీగ పట్టుకోగానే రాయిలా నిలబడ్డాయి. ఎల్వుడ్ మొహం దగ్గరగా పెట్టి చూస్తూ చెప్పసాగాడు. "కొంచెం తూర్పుకి. ఇంకొంచెం. ఆగు. ఇప్పుడు ఉత్తరం వైపు మర బిగించు."

"ఓయ్, నేను నీ క్లాసులో చదవలా. కుడి ఎడమ చెప్పు."

"ఎడమకి. అదీ. దూది పెట్టు. చాలా ఎక్కువ పెట్టావు, సగం తియ్యి."

"నస పెట్టకు. ఎంతుంది?"

"అటూ ఇటూ జారేంత. బిగుతుగా ఉండకూడదు."

"నీ పెళ్ళాం నిన్నెలా భరించిందయ్యా?"

"ఆమెకి దిక్కులు తెలుసు," అన్నాడు ఎల్వుడ్. జూనియర్ పగలబడి నవ్వాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.

అప్పుడే దుకాణం తలుపు తెరుచుకుంది. టై మనిషి బయటికి వచ్చాడు. ఇద్దరూ బిగుసుకుపోయారు. అతను వాళ్ళ ఒళ్ళో ఉన్న దూదినీ, తీగనీ చూశాడు, ఏదో అడగబోయి మానుకున్నట్టు నిలబడ్డాడు, తన కారెక్కి వెళ్ళిపోయాడు. అతనెవరో వెర్నాకి కూడా తెలియదట. ఏమీ కొనలేదు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత చాలా రోజులు టై కనిపిస్తే చాలు, ముగ్గురికీ గుండె జారేది.

ఎల్వుడ్ మెల్లగా పీల్చాడు. చల్లగా, తియ్యగా ఆవిరి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత జూనియర్ గొట్టం తీసుకున్నారు. ఆ పని కూడా అలాగే అయింది.

"ఇంకో సంగతి," అన్నాడు ఎల్వుడ్. జేబులోంచి పెట్టె తీశాడు. "తెరవలేదు. నీ దగ్గర ఉంచు."

జూనియర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నా దగ్గరా? పిచ్చా నీకు? తెల్లారేసరికి ఖాళీ చేస్తా."

"మరేం చేద్దాం?"

జూనియర్ దిగి, ఆ పెట్టెని వెనక చక్రం కింద పెట్టమన్నాడు. ట్రక్కు ఎక్కి ఇంజను వేశాడు. ఎల్వుడ్ పక్కన నిలబడి, వణికే చెయ్యి ఊపుతూ, "రా, రా, ఇంకా రా" అన్నాడు. పెట్టె అప్పడంలా అణిగింది. నమ్మకం చాలక ఇంకోసారి కూడా ఎక్కించారు.

"వచ్చే గురువారం వస్తావుగా?" అన్నాడు ఎల్వుడ్, కిటికీ పట్టుకుని.

"రాకేం చేస్తా? నువ్వు లేకపోతే నాకు తీగ కనపడదు."

"ఆరోగ్యం చూసుకో. మందులు వేళకి వేసుకుంటున్నావా?"

"ఇప్పుడు పెళ్ళాంలా తగులుకున్నావే!"

ట్రక్కు రోడ్డెక్కాక గానీ ఎల్వుడ్‌కి తట్టలేదు, ఆ మసక కళ్ళతోనే అతను బండి నడుపుకుంటూ పోతున్నాడని. దగ్గరిదే మసక అన్నాడు, దూరం బాగానే కనిపిస్తుందని కాబోలు. నిజమే కావచ్చు. ప్రభుత్వం ఇంకా ఏం తెస్తుందో, రెండేళ్ళ తర్వాత సీసాలు అసలు ఉంటాయో లేదో, ఆ దిగులంతా అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. దానికి తోడు ఇప్పుడు జూనియర్ గురించి ఇంకో దిగులు. ఆయన గబగబా తన కారెక్కి, జూనియర్ వెనకే, అతను ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆగుతున్నాడో లేదో చూసుకుంటూ, అతని ఇంటి దాకా వెళ్ళాడు.