ఎల్డన్ బాబాయ్ దాచిన గుర్తులు

మా రేవులో ఏ మగాడినైనా వయసెంతని అడగొచ్చు, పెళ్ళాంతో ఎందుకు పోట్లాడావనైనా అడగొచ్చు. లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనులు సముద్రంలో ఏ చోట వేస్తావని మాత్రం అడగకూడదు. కన్నబిడ్డలకి కూడా ఆఖరిదాకా చెప్పరు, మహానుభావులు! ఇదంతా నాకు చిన్నప్పట్నించీ తెలుసు. అయినా ఎల్డన్ బాబాయ్ కంప్యూటర్ దగ్గర బోల్తా పడ్డాను.

ఎల్డన్ మా నాన్నతో ఒకే పడవ మీద పన్నెండేళ్ళు పనిచేశాడు. అందుకే నాకు బాబాయ్. ఆ నవంబరులో కంప్యూటర్ చంకన పెట్టుకుని నా రిపేరు కొట్టుకి వచ్చాడు. ఆన్ చేస్తే తెర నల్లబడి ఊరుకుంటోంది. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ కొత్తగా ఎక్కించాలన్నాను.

"నీ ఫైళ్ళెక్కడికీ పోవు బాబాయ్. డాక్యుమెంట్లు, ఫోటోలు ముందే పక్కకి తీసిపెడతా. ఇవి కాక ఇంకెక్కడైనా ఏమైనా దాచావా?"

"నాకేం దాపరికాలే అమ్మాయీ! ఏమీ లేవు" అన్నాడు పైకప్పు కేసి చూస్తూ.

కప్పు కేసి చూశాడంటే అబద్ధమేనని నాకప్పుడే తట్టాల్సింది. బాబాయ్ మనవరాలి ఫోటోలన్నీ భద్రంగా అప్పజెప్పి, నా అంత పనిమంతురాలు లేదని మురిసిపోయాను.

సరిగ్గా పదో రోజు, శనివారం మధ్యాహ్నం మళ్ళీ కంప్యూటర్ చంకన పెట్టుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్రింటర్ తాలూకు ఫోల్డర్ ఒకటుండాలి. కనబడ్డం లేదు."

"నీకసలు ప్రింటరే లేదుగా?"

"అందుకే అందులో పెట్టాను! ఎవడు వెతుకుతాడు?"

"ఏం పెట్టావు?"

టోపీ తీస్తాడు, పెట్టుకుంటాడు. చివరికి గొణిగాడు. "బోనులు వేసే చోట్ల గుర్తులు. నలభై ఏళ్ళవి. ఎల్లుండి సీజన్ మొదలు. నా మోకాళ్ళు పోయాయి, పడవ ఇక మా జోలీన్‌దే. గుర్తులన్నీ ఇస్తానని కూతురికి మాటిచ్చాను."

"బుర్రలో లేవా?"

"సగం ఉన్నాయి. మిగతా సగం ఈమధ్య నాకు చిక్కట్లేదమ్మా."

గుండె చివుక్కుమంది. ఒళ్ళూ మండింది. "అడిగానా లేదా? అప్పుడు చెప్పడానికేం రోగం?"

"మీ తమ్ముడు వేన్‌కీ పడవుందిగా" అన్నాడు.

కొత్త సిస్టమ్ ఎక్కినప్పుడు పాతదాన్నంతా ఒక ఫోల్డర్‌లోకి నెట్టేస్తుంది. పది రోజులుంచి, తర్వాత తనే చెరిపేస్తుంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇవాళే ఆఖరు. వెంటనే ఆ ఫోల్డర్ తెరిచాను. పాత సామానంతా అలాగే ఉంది, ప్రింటర్ ఫోల్డరుతో సహా.

"హమ్మయ్య! ఇక నువ్వు అటు తిరుగు" అన్నాడు.

"నా కొట్లో నేనా?"

"తిరుగమ్మా, నీకు పుణ్యముంటుంది."

బళ్ళో శిక్ష పడ్డ పిల్లలా గోడ కేసి తిరిగి నిలబడ్డాను. పెన్‌డ్రైవ్ ఎక్కడ గుచ్చాలో, ఏది నొక్కాలో గోడకే చెప్పాను. అరగంట పట్టింది. ముసలాడు ముక్కు ఎగబీల్చడం వినబడుతూనే ఉంది.

"ఇప్పుడిటు చూడు. ఈ ఒక్క వరసే!" మిగతా తెరంతా టోపీతో, మోచేత్తో మూసేశాడు.

'హార్లీ' అని ఉంది, పక్కన అక్షాంశ రేఖాంశాల అంకెలు. హార్లీ మా నాన్న.

"మీ నాన్న చూపించిన చోటు. వేన్‌కి అప్పుడు నాలుగేళ్ళు. 'మావాడు పెద్దయ్యాక నువ్వే చూపించు ఎల్డన్' అన్నాడు. ఆ చలికాలమే పోయాడు." తెర మీంచి కళ్ళు తిప్పుకున్నాడు. "ఏటా ఇచ్చేద్దామనుకున్నా. మంచి చోటమ్మా... వదలబుద్ధి కాలేదు. రాసుకో. మీ తమ్ముడికియ్యి. జోలీన్ అక్కడ బోను వెయ్యదు, నాదీ పూచీ."

ముప్ఫై ఏళ్ళు! తిట్టాలనే నోరు తెరిచాను. కానీ వంగి ఆ బట్టతల మీద ముద్దు పెట్టాను.

నేను కళ్ళు తుడుచుకుంటూ అంకెలు రాసుకుంటుంటే, బాబాయ్ గబగబా వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చాడు, ఎవరైనా చూస్తారని.