మూడో గడి నీలం

నేను ఒక షేడ్ కార్డుని. పెయింట్ల కొట్టులో బల్ల మీద పడి ఉంటుంది చూడండి, మడత విప్పితే గళ్ళుగళ్ళుగా రంగులు కనిపించే అట్ట, అదే నేను. ఇంటికి రంగు వేయించాలనుకున్న ప్రతివాళ్ళూ ముందు నన్నే ఒళ్ళో పెట్టుకుంటారు. గోడలు మెరిశాక నా మొహం చూసేవాళ్ళుండరు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టే. అయినా నాకు మనుషుల మీద కోపం లేదు, కాస్త నవ్వు మాత్రం ఉంది.

పుట్టింది ఏదో మహానగరంలో. నేను ఉత్త అచ్చు కాగితాన్ని కాను. అసలు రంగునే పలచగా పూసి, ఆరబెట్టి, గళ్ళుగా కోసి నా ఒంటికి అతికించారు. ఎవరో పెద్దమనిషి చల్లటి గదిలో కూర్చుని ఒక్కో గడికీ ఇంగ్లీషులో ఒక్కో పేరు పెట్టాడు. వాన వెలిసిన పొద్దు, తొలి చిగురు, తడిసిన ఇసుక, ఇలాంటి అర్థాలొచ్చే పేర్లు. ఆయన కిటికీ తెరిచి ఎప్పుడైనా చిగురు చూశాడో లేదో నాకు తెలియదు. ఆ పేర్లు మోసుకుంటూ లారీలో విజయనగరం వచ్చి ఒక కొట్టులో దిగాను.

అక్కడ నాలుగు నెలలున్నాను. మొగుడూ పెళ్ళాలు వచ్చి ట్యూబులైటు కింద ఒకసారి, గుమ్మంలో ఎండకి ఒకసారి నన్ను తిప్పి తిప్పి చూసేవారు. ఆయన గులాబీ అంటే ఆవిడ ఊదా అనేది. పిల్లలు నారింజ అనేవారు. గంటసేపు నూట నలభై రంగుల్లో ఈదులాడి, చివరికి అందరూ మీగడ రంగు ఒడ్డునే తేలేవారు. మీగడ రంగు గడి అలా వేళ్ళు పడీపడీ నల్లబడిపోయింది. నా నీలాలూ ఆకుపచ్చలూ ఉన్న మడతని తీరుబడిగా చూసినవాళ్ళు లేరు. మధ్యాహ్నాలు కొట్టు కునుకు తీసే వేళ, ఆ మడతలోని రంగులు ఎక్కడో ఒక గోడంత వెడల్పుగా పరుచుకున్నట్టు కలలు కనేవాణ్ణి.

ఒకరోజు పెయింటర్ అప్పలకొండ నన్ను సంచిలో వేసుకుని నెల్లిమర్ల తీసుకెళ్ళాడు. అక్కడ రెండు గదుల డాబా ఒకటి. వరహాలమ్మ జూట్ మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేసి కట్టుకున్న ఇల్లది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మొగుళ్ళు పోయినవాళ్ళే. చెల్లెలు పైడితల్లి అంగన్‌వాడీలో ఆయా, అక్క దగ్గరే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఇంటికి సున్నమే. ఇప్పుడు మొదటిసారి పెయింటు వేయించుకుంటున్నారు.

అప్పలకొండ సరిగ్గా నా నీలాల మడతే విప్పాడు. అందులో పైనుంచి కిందికి ఏడు గళ్ళు. "పైనించి మూడోది లేత నీలం, ఐదోది లేత పచ్చ. ఈ రెండే మీ గోడకి బాగుంటాయమ్మా. లచ్చివారం వస్తాను, ఏదో సెప్పండి," అని నన్ను అక్కడే వదిలి వెళ్ళాడు.

పైడితల్లికి పచ్చ నచ్చింది, కంటికి చల్లగా ఉంటుందట. వరహాలమ్మ మాత్రం నీలమే అంది. వాళ్ళ అమ్మ ఏటా పండక్కి ముందు సున్నం తడిపి, చిటికెడు నీలిమందు కలిపి గోడలకి కొట్టేదట. తడిగా ఉన్నప్పుడు ఏమీ తెలిసేది కాదట. తెల్లారి లేచేసరికి గది గదంతా ఆకాశం లోపలికొచ్చి కూర్చున్నట్టు ఉండేదట. "ఆ రంగు మళ్ళీ సూడాలే," అంది వరహాలమ్మ. ఆ మాటకి నా మూడో గడి ఉబ్బిపోయింది. ఎన్నాళ్ళకో ఒకరు నన్ను పేరు చూసి కాక ప్రేమతో అడిగారు.

లక్ష్మివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. పైడితల్లి పనికి వెళ్ళగానే వరహాలమ్మ నన్ను తీసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. మొహానికి ఆనించుకునేది, దూరంగా పెట్టుకునేది, చీర చెంగుతో నన్ను తుడిచేది. తరవాత నా అంచు నుంచి వేలు దింపుతూ, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, "ఇది నీలం," అనుకునేది. మళ్ళీ నాలుగు, ఐదు, "ఇది పచ్చ." పంతులు ముందు ఎక్కం అప్పజెప్పాల్సిన పిల్లలాగా అదే పాఠం. మొదటిరోజు ముచ్చటపడ్డాను. మూడోరోజుకి అర్థమైంది. ఆమెకి నా నీలం కనిపించడం లేదు. పచ్చా కనిపించడం లేదు. ఆమె కళ్ళకి రెండూ ఒకటే బురద నీళ్ళ రంగులో ఉన్నాయి. కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి. కంట్లో కత్తి పెడతారన్న భయంతో ఆ సంగతి చెల్లెలి దగ్గర దాచింది. నాకు నోరుంటే బాగుండునని నా జన్మలో మొదటిసారి అనిపించింది.

లక్ష్మివారం అప్పలకొండ వచ్చాడు. పైడితల్లి చేతులు తుడుచుకుంటూ నన్ను తెచ్చి అక్క చేతికిచ్చింది. తొందరలో తలకిందులుగా ఇచ్చింది. మడతకి ఏడు గళ్ళని చెప్పాను కదా. తిరగేస్తే పైనుంచి మూడోది పచ్చ అవుతుంది.

వరహాలమ్మ ధీమాగా వేలు దింపింది. ఒకటి, రెండు, మూడు. "ఇదిగో, ఈ నీలమే. ఎంత బాగుందో సూడండి."

పైడితల్లి నవ్వింది. "అది పచ్చ కదా అప్పా."

"పచ్చ ఏటే? పచ్చ ఇది," అని ఆమె వేలు కిందికి జరిగి నీలం మీద ఆగింది.

పైడితల్లి నవ్వు ఆగిపోయింది. నన్ను మెల్లగా తీసుకుని అక్క కళ్ళ ముందు మడతలన్నీ విప్పింది. "ఇదేటి రంగు? ఇది?" లెక్క మొదలెట్టడానికి వరహాలమ్మ వేలు మళ్ళీ నా అంచు వెతుక్కుంది. అప్పలకొండ నేల చూపులు చూస్తూ, "మా మేనత్తకీ ఇలాగే పొర కమ్మిందమ్మా. విశాపట్నంలో ఆపరేసన్ సేయించాం. ఇప్పుడు బియ్యంలో రాళ్ళేరుతంది," అన్నాడు.

"నాను రాను," అంది వరహాలమ్మ.

పైడితల్లి అరవలేదు, ఏడవలేదు. అప్పలకొండ వైపు తిరిగి, "బాబూ, ఎదురు గోడ మీద రెండు రంగులూ చెరో చాటంత పూసి ఎలిపో. మా అప్ప సూసి సెప్పినాకే మిగతాది," అంది.

అలా రెండు మచ్చలతో ఆ గోడ నిలబడిపోయింది. చూడవచ్చినవాళ్ళు, ఇదేం ఇల్లమ్మా, సగం పౌడరు రాసుకున్న పెళ్ళికూతురిలా ఉందని నవ్వేవారు. నేను గూట్లోంచి ఆ మచ్చల్ని చూస్తూ ఉండేవాణ్ణి. నా ఒంటి మీది చిన్న గళ్ళు పెద్దవై, ఎండ వచ్చినప్పుడల్లా ఊపిరి తీస్తున్నట్టుండేవి. వరహాలమ్మ వాటి ఎదురుగా మంచం మీద కూర్చునేది. వారం రోజులు ఓర్చుకుని ఒక ఉదయం అడిగింది.

"పైడీ, ఏది నీలమే?"

"నాను సెప్పను. నువ్వే సూసి సెప్పాల."

మరో మూడు రోజులు మొండికేసింది. నాలుగోరోజు పొద్దున్నే తల దువ్వుకుని, సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడి, "బస్సెన్ని గంటలకే?" అంది.

ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చింది. కొన్నాళ్ళు చుక్కల మందు, తలస్నానం లేదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. చివరికి ఒక ఉదయం అద్దాలు తీసి గోడ ముందు నిలబడింది. బాగైన కన్ను మూసి చూసింది. తరవాత రెండోది మూసి చూసింది. మళ్ళీ ఇది, మళ్ళీ అది. చిన్నగా నవ్వు మొదలైంది.

"ఎడమదే. ఎడమది నీలం. అచ్చం అమ్మ కొట్టిన సున్నమేనే," అంటూ చెల్లెలి వైపు తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది.

"నీ తలెప్పుడు నెరిసిపోనాదే?"

పైడితల్లి చెయ్యి తలమీదికి పోయింది. "ఎప్పుడో నెరిసింది అప్పా. నువ్వు సూసే ఉంటావనుకున్నాను." వరహాలమ్మ ఆమె తలని దగ్గరికి తీసుకుని, పాయలు పాయలుగా విడదీసి చూసింది. ఆ పూట గోడ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. నాకూ చిన్నతనమనిపించలేదు.

ఇల్లంతా నీలం వేయించారు. కుడివైపు పచ్చ మచ్చని మాత్రం కప్పనివ్వలేదు వరహాలమ్మ. రోజూ లేవగానే రెండూ వేరువేరుగా ఉన్నాయో లేదో చూసుకోవాలంది. పచ్చ కావాలన్న పైడితల్లికి ఆ చాటంత మేరే దక్కింది. తన మంచం దాని పక్కకి జరుపుకుంది.

నన్ను తిరిగివ్వడం మర్చిపోయారు, అప్పలకొండా అడగలేదు. మళ్ళీ తలకిందులు కాకుండా వరహాలమ్మ నా తలకి చిల్లుపెట్టి, పురికొస కట్టి కిటికీ పక్క మేకుకి వేలాడదీసింది. ఏళ్ళు గడిచాయి. రోజూ ఎండ నా మీద పడుతుంది. నా గులాబీలు పాలిపోయాయి, నీలమూ పచ్చా వెలిసి వెలిసి ఇప్పుడు ఒకటే బురద నీళ్ళ రంగయ్యాయి. ఆ రోజుల్లో ఆమె నన్ను ఎలా చూసేదో ఇప్పుడు నాకు తెలుసు.

ఇరుగుపొరుగువాళ్ళు తమ ఇళ్ళకి రంగు ఎంచుకోవాలంటే ఇంకా నా దగ్గరికే వస్తారు. "ఈ రెండూ ఒకలాగే ఉన్నాయి కదా," అంటారు. వరహాలమ్మ రెండో కన్ను కూడా బాగైంది. ఆమె నవ్వి, నా అంచు నుంచి వేలు మెల్లగా దింపుతుంది. ఒకటి, రెండు, మూడు.

"ఇది నీలం," అంటుంది. ఆ వేలు కింద, కాసేపు, నేను నీలంగానే ఉంటాను.