ఎడమకు తిరగని మెడ

షిగెమొరి గురువుగారి మెడ ఎడమవైపు తిరగదు. ఏడాదిగా ఇదే బాధ. తిప్పబోతే నొప్పి భుజం మీదుగా వేళ్ల దాకా దిగి, చెయ్యి మొద్దుబారిపోతోంది. అందుకని అయికిదో అనే జపాను యుద్ధవిద్య సాధనకు ముందు మెడ తిప్పే కసరత్తులో ఆయన ఎడమకు సగంలోనే ఆగి, పళ్లు బిగించి, గడ్డం చటుక్కున కిందికి దించేస్తాడు.

శిష్యులు ఊరుకుంటారా? గురువు ఎలా చేస్తే అలా చెయ్యడమే అక్కడ విద్య. ఎందుకని అడగడం మర్యాద కాదు. నెల తిరక్కుండానే ఇరవైమందీ ఎడమకు సగంలో ఆగి, పళ్లు బిగించి, గడ్డం దించడం మొదలెట్టారు. పెద్ద శిష్యుడు మినెగిషి, పోస్టాఫీసు ఉద్యోగి, కొత్తవాళ్లకు దాని అంతరార్థం కూడా బోధిస్తున్నాడు. ఆ మహానుభావుడికి తెలియనిది లేదు మరి.

నిన్న డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. నరం నలుగుతోందట, మెడకు ఆపరేషన్ చెయ్యాలట, ఇంకా ఇలాగే తిప్పుతూ పోతే ఆ చెయ్యి ఇక పనికిరాదట. నొప్పి అని నోటితో అనడం ఆయన జన్మలో ఎరగడు. అయినా చెయ్యి పోతుందంటే భయం వేసింది. ఈ ఉదయం అందరూ చాపల మీద మోకాళ్లు మడిచి కూర్చోగానే, సిగ్గు చంపుకుని నోరు విప్పాడు.

"ఇక నేను నేర్పలేను. ఆపరేషన్‌కి వెళ్లాలి. మీరంతా చేస్తున్నది విద్య కాదర్రా, నా మెడనొప్పి."

ఇరవై తలలు వినయంగా వంగాయి.

"చిత్తం గురువుగారూ," అన్నాడు మినెగిషి, కళ్లు తుడుచుకుంటూ. "నొప్పే విద్య అంటున్నారు. ఇన్నాళ్లకు బోధపడింది."

"అది కాదయ్యా బాబూ. నిజంగానే నొప్పి. నా చెయ్యి పోతోంది."

"పోవాలండీ. చెయ్యి ఉందన్న ధ్యాసే పోవాలి."

"ఎంత అణకువో చూడు," అని వెనక వరసలో ఒరియే అనే శిష్యురాలు పక్కామెతో గొణిగింది.

గురువుగారికి ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. చెబితే వినరు, చెప్పకపోతే వదలరు. ఇక చూపించడమొకటే దారి అనుకుని, కళ్లు మూసుకుని, మెడను ఎడమకు పూర్తిగా తిప్పేశాడు.

"అమ్మా" అని పక్కకు ఒరిగిపోయాడు. ఎడమ చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది, దాన్ని లాక్కునే ఓపిక లేదు. ఎవరైనా పరిగెత్తుకొస్తారేమోనని చెవులు రిక్కించాడు.

"అమ్మా" అన్నారు ఇరవైమందీ ఒక్క గొంతుతో. చాపలు దద్దరిల్లాయి.

ఆయన చూపు ఆనినంత మేరా అందరూ పక్కకు ఒరిగి, ఎడమ చెయ్యి ఒంటి కింద పెట్టుకుని, ఆయన తర్వాత ఏం చేస్తాడా అని ఓపిగ్గా చూస్తున్నారు.