భవాని ఓటుపై అభ్యంతరం

శాసనసభ ఎన్నికల పోలింగు రోజున ఉదయం ఏడున్నరకు మా వీధి ప్రాథమిక పాఠశాలలోని కేంద్రం నుండి భవానిని ఓటు వేయనీయకుండా వెనక్కు పంపివేశారు. ఆమె చేతిలో గుర్తింపు కార్డు ఉన్నది. ఫొటో, భర్త పేరు, జహీరాబాదు చిరునామా, అన్నీ సక్రమంగానే ఉన్నవి. జాబితాలో మాత్రం ఆమె గడి మీద ‘తొలగించబడినది’ అని అడ్డంగా ముద్రించి ఉన్నదట.

భవాని మా ఎదురింట్లో జాకెట్లు కుట్టే అమ్మాయి. పుట్టిల్లు రాష్ట్ర సరిహద్దుకు అవతల, బీదరు వైపు పల్లె. పెళ్లై వచ్చి ఎనిమిదేళ్లైనా అత్త శరణమ్మ దృష్టిలో ఆమె నేటికీ ‘బీదర్‌ది’. రెండేళ్ల క్రితం నల్లా నీళ్ల గురించి వీధిలో సమావేశం పెడితే ఈ అమ్మాయి నోరు విప్పింది, ఎవరో పెద్దమనిషి, “నీ ఓటున్నదా ఈడ, మాట్లాడనీకి?” అని కూర్చోబెట్టాడు. తరువాతనే ఆమె ఇక్కడ పేరు నమోదు చేయించుకున్నది. ఈ గడ్డ మీద ఆమె వేయవలసిన మొదటి ఓటు ఇది.

వరుసలో నిలబడి ఉన్న నేను బయటకు వచ్చాను.

“ఏమన్నారమ్మా?”

“ఆడనే ఓటున్నదంట నాకు, పుట్టింటి దిక్కు. అందుకే ఈడ కొట్టేసిన్రంట సారు.”

“ఉన్నదా?”

“యాడుంది సారు? పోయినేడే తీపిచ్చుకున్న. మొన్న ఎండకాలంల ఆడ ఓట్లైతే మా తమ్ముడు రమ్మని ఫోన్ చేసిండు. లేదని చెప్తె వారం దినాలు మాట్లాడలే.”

“ఎందుకు తీయించుకున్నావు?”

“మీరే కద సారు చెప్పిన్రు, ఓటర్ల దినం నాడు బడిల. ఒక మనిషికి ఒకటే ఓటు, రెండు పెట్టుకుంటె దొంగతనమే అని.”

నిజమే, చెప్పాను. మా ప్రాంతంలో రెండు వైపులా ఓటుండటాన్ని ఎవరూ తప్పుగా భావించరు. పుట్టింటి ఓటు, అత్తింటి ఓటు అని వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. జూనియర్ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న కాలం నుండి ఈ అలవాటును నేను ఖండిస్తూనే ఉన్నాను. నా మాట విని నిజాయితీగా ఒక ఓటు వదులుకున్న ఒకే ఒక మనిషికి, ఇప్పుడు రెండు రాష్ట్రాలలో ఎక్కడా ఓటు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

గేటు అవతల బల్ల వేసుకుని ఓటరు చీటీలు వెతికిపెడుతున్న పార్టీ కార్యకర్త నర్సింగ్ నవ్వాడు. “ఒక్క ఓటుకు గింత ఫికరెందుకు సారు? మెజార్టీ వేలల్ల వస్తది.”

“నీ పేరు కొట్టివేసి ఉంటే ఈ మాట అనేవాడవా?”

“నాది కొడ్తెనా? హైవే మీద కూసుంటుంటి. బొంబాయి లారీ ఒక్కటి కదలకపోవు.”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. భవాని నవ్వలేదు.

సహాయ కేంద్రపు షామియానా క్రింద ప్రియదర్శిని కూర్చుని ఉన్నది. అంగన్‌వాడీ టీచరు; మా పోలింగు కేంద్రం ఓటర్ల జాబితా బాధ్యత కూడా ఆమెదే. నన్ను చూడగానే లేచి నిలబడింది.

“సారు, ముందు మీరు పోయి ఓటేసి రాండ్రి. తర్వాత మాట్లాడుదం.”

“తరువాత కాదు, ఇప్పుడే. ఈమె పేరు ఎవరి అభ్యంతరం మీద తొలగించారు?”

“నోటీసు తలుపుకు అంటించిన సారు. అప్పుడు ఇంటోళ్లంత ఆమె తమ్ముని పెండ్లికి పోయి ఊర్ల లేకుండ్రి.”

“నేనడిగినది అది కాదు. అభ్యంతరం పెట్టినవారి పేరు చెప్పండి. తప్పుడు ప్రకటన ఇచ్చినవానికి ఏడాది వరకు జైలు శిక్ష ఉన్నది. ఆ ఫిర్యాదు నేనే వ్రాస్తాను.”

“వద్దు సారు.”

“ఎందుకు వద్దు? అందులో మీ వారెవరైనా ఉన్నారా?”

ఆమె భవాని వైపు చూసింది. తరువాత సంచిలో నుండి ఫైలు తీసి, ఒక కాగితం నా ముందు పెట్టింది.

ఆ దస్తూరి నాది. క్రింద ఇంగ్లీషులో ఉన్న సంతకమూ నాదే.

ఆగస్టులో పింఛనుదారుల సంఘం అధ్యక్షుని హోదాలో నేను పదిహేడు అభ్యంతరాలు దాఖలు చేశాను. బీదరు వైపు పల్లెల జాబితాలను ఒక పరిచయస్తుని ద్వారా తెప్పించి, నాలుగు రోజులు మా వీధి జాబితాతో పోల్చాను. రెండింటిలోనూ కనిపించిన ప్రతి పేరు మీద ఒక ఫారం నింపుకుంటూ పోయాను; వాటిలో ఎదురింటి భవానిది ఒకటని పట్టించుకోనేలేదు. నా దగ్గరికి వచ్చిన ప్రతులు అంతకు ముందటి సంవత్సరానివి. ఏ సంవత్సరానివో నేను చూడలేదు. మా గుమ్మానికీ ఆమె కుట్టుమిషనుకూ మధ్య ఉన్నది పన్నెండు అడుగుల సిమెంటు రోడ్డు. అది దాటి అడగాలని కూడా నాకు తోచలేదు. ముఖం చూసి అమలు చేస్తే అది చట్టం కాదని నా వాదన.

“మీరు విచారించవలసింది కదా,” అన్నాను. నా గొంతు ఇంకా కోపంగానే ఉన్నది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

“మీరు రాసిన్రు సారు,” అన్నది ప్రియదర్శిని. “మీరు రాస్తె తప్పుంటదని నేనెట్ల అనుకుంట?”

భవాని కాగితం చేతిలోకి తీసుకుని అందులో తన పేరు చదువుకున్నది.

“జాకెట్టు గుడ్డ కత్తిరించెటప్పుడు నేను రెండుసార్లు అడుగుత సారు,” అన్నది. “గుడ్డనే అది.”

లోపలికి వెళ్లి అధికారికి జరిగినది చెప్పాను. పొరపాటు నాదని వ్రాసి ఇస్తానన్నాను. జాబితా ఖరారైన తరువాత ఒక్క పేరు కూడా చేర్చే అధికారం తనకు లేదన్నాడు. ఆయన చెప్పినది అక్షరాలా సరియైనదే. అంత సరియైన మాట విని నాకు అంత అసహ్యం అంతకు ముందెన్నడూ కలుగలేదు. బయటకు వస్తే భవాని, “మీదన్న ఏసి రాండ్రి, వరుస పోతది,” అని ఇంటికి వెళ్లిపోయింది. నేను ఓటు వేశాను.

ఫలితాలు వచ్చినవి. క్రొత్త శాసనసభ ఏర్పడింది. గెలిచిన అభ్యర్థి ఊరేగింపు డప్పులతో మా వీధి మీదుగా పోతుంటే, శరణమ్మ అరుగు మీద నుండి కోడలితో అనటం నా చెవిన పడింది: “మాకైతే ఎమ్మెల్యే వచ్చిండు. నీకు యాడోడు వచ్చిండే?”

మిషను చప్పుడు ఆగలేదు.

మరునాడు క్రొత్త దరఖాస్తు ఫారం, నా తప్పును అంగీకరిస్తూ నమోదు అధికారికి వ్రాసిన ఉత్తరం తీసుకుని రోడ్డు దాటాను. మిగిలిన పదహారు ఇళ్లకు కూడా పోవలసి ఉన్నదని చెప్పాను. భవాని రెండు కాగితాలూ తీసుకున్నది. నేను కలం తీశాను.

“నేనే రాసుకుంట సారు.”

“ఆఫీసుకు నేను కూడా వస్తానమ్మా. నేను చెబితే పని త్వరగా అవుతుంది.”

నా ఉత్తరాన్ని మడిచి తిరిగి నా చేతిలో పెట్టింది. “మీరు రావద్దు సారు. మిమ్మల్ని సూస్తే ఆళ్లు మల్ల మీ మాటనే ఇంటరు. ఈసారి ఆళ్లను నన్నే అడగనియ్యిండ్రి.”

ఫారం మాత్రం మిషను బల్ల మీద పరచుకుని, మొదటి గడిలో తన పేరు వ్రాయటం మొదలుపెట్టింది.