పర్సోం బావిలకు దిగుడు

ముందే చెప్పేస్తున్నాను, ఆ బ్లాగులో నేను పొగిడిన పుస్తకాల్లో ఒక్కటి కూడా నేను చదవలేదు. చదివింది మా చెల్లెలు లీయా, పదో తరగతి. అది పుస్తకం ముగించి కథ చెప్పేది. నేను కొల్హార్‌లో పైపుల ఫ్యాక్టరీ ఆఫీసుకు పోతూ షేర్ ఆటోలో కూర్చుని ఫోన్‌లో టైపు చేసేదాన్ని. ఇంత మోసమా షెకినా అని అడిగేవాళ్లు ఒకసారి పొద్దంతా డిస్పాచ్ కాగితాలు కొట్టి చూడండి. సాయంత్రం నవల పట్టుకునే ఓపిక ఉంటుందో లేదో మీకే తెలుస్తుంది.

బ్లాగు పేరు 'పదిహేనేళ్ల అలమారి'. బీదర్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. నేను కూడా తెలుగు అక్షరాలు చర్చిలో బైబిలు చూసి నేర్చుకున్నదాన్నే. ఈ పిల్లలకు వాళ్ల ఈడు నవలలు పరిచయం చేద్దామని జూన్‌లో మొదలుపెట్టాను. గురువారానికొక పోస్టు. ఒక్కో పుస్తకం రెండు కాపీలు తెప్పించి, అడిగినవాళ్లకు ఒకటి పంపేదాన్ని. బగ్దల్ దారిలో ఆటో నడిపే పీరప్ప మామ పట్టుకుపోయి ఇచ్చి, చదివాక మళ్లీ తెచ్చేవాడు.

కథ లీయాది, మసాలా నాది. పుస్తకం మీద మోజు పుట్టాలంటే ఊరికే బాగుంది అంటే సరిపోతుందా? నోటికొచ్చినట్టు నాలుగు మాటలు ఊదేదాన్ని. పోస్టు చేశాక ఏం రాశానో నాకే గుర్తుండేది కాదు.

మొదటి పోస్టుకు ఒకే ఒక్క కామెంటు వచ్చింది. పేరు లేదు, ఫోటో లేదు. 'మంచిగుంది అక్కా పర్సోం పుస్తకం మీద చాయ్ ఒలుకుడు మీ చెల్లె' అని ఉంది.

నాకు ఒళ్లు మండింది. నాకు చెల్లెలుందని బ్లాగులో ఎక్కడా రాయలేదు, ఇది ఎవరికి తెలుసు? పైగా పచ్చి అబద్ధం. పర్సోం అంటే మొన్న. మొన్న మా ఇంట్లో ఏ చాయ్ ఒలకలేదు. పనీపాటా లేని పోరగాళ్లు ఎవరో అనుకుని వదిలేశాను.

శనివారం పొద్దున లీయా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నిండు కప్పు చాయ్ దాని మీద ఒలకబోసింది. నేను చెడామడా తిట్టి, పేజీలు గుడ్డతో అద్దుతూ కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, పర్సోం అంటే మా దగ్గర మొన్న ఒక్కటే కాదు. ఎల్లుండి కూడా పర్సోమే. ఒలుకుడు అంటే ఒలికిందా, ఒలుకుతుందా? రెండూ అవుతాయి. గురువారానికి ఎల్లుండి శనివారం. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

రెండో గురువారం కామెంటు, 'పర్సోం జడ కోసుడు మీ చెల్లె'.

ఈసారి శనివారం సెలవు పెట్టి కాచుకుని ఉన్నాను. మధ్యాహ్నం బడి నుంచి రావలసిన పిల్ల సాయంత్రం నాలుగింటికి వచ్చింది. నడుము దాటే జడ లేదు, మెడ దాకా కత్తిరించిన జుట్టు. అమ్మ అయ్యో ప్రభువా అని తల పట్టుకుని కూలబడింది.

"ఎవ్వరితోనన్న చెప్పినవా కోసుకుంటనని?" అని లీయాను భుజాలు పట్టి ఊపేశాను.

"లేదక్కా! నవలల పిల్ల కోసుకుంటది. పొద్దుగాల్ల మల్ల చదువుతుంటె నాకూ మనసైంది, పార్లర్‌కు పోయిన. ఏమైతది, మల్ల పెరుగదా?"

పొద్దున దానికే తెలియని సంగతి గురువారమే ఇంకెవరికో తెలుసు. 

మూడో పుస్తకం ఒక అమ్మాయి బావిలోకి దిగే కథ. మిగతా కథ లీయా చెబుతుంటే సగం విన్నాను, ఆటో టైమైపోయింది. పోస్టు పెట్టిన గంటకు, ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగుతుంటే ఫోన్ మోగింది.

'పర్సోం బావిలకు దిగుడు మీ చెల్లె'.

భయం వేస్తే నాకు ముందు కోపమొస్తుంది, అదేం జబ్బో. గేటు దగ్గరే నిలబడి జవాబు కొట్టాను: 'నా చెల్లె పేరెత్తితే మర్యాద దక్కదు. నువ్వెవరో నాకు అక్కర్లేదు. మళ్లీ ఈ బ్లాగు వైపు రాకు.' 

శనివారం మళ్లీ సెలవు పెట్టాను. అమ్మ డ్యూటీకి పోగానే తలుపుకు లోపలినుంచి తాళమేసి, తాళంచెవి కొంగున కట్టుకుని గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"నీ దిమాక్ ఖరాబైందా?" లీయా కాళ్లు నేలకేసి కొట్టింది. "మా ఇంగ్లిష్ టీచర్ టెస్ట్ పెడుతున్నది ఇయ్యాల!"

"సున్నా వచ్చినా మంచిదే. గడప దాటినవంటే కాళ్లు ఇరగ్గొడత."

అలిగింది, ఏడ్చింది, పదింటికి ఆకలంది. ఇక దాచలేక నేనూ ఏడుస్తూ ఫోన్ చేతికిచ్చాను. మూడు కామెంట్లు చదివింది. మళ్లీ స్క్రీన్ పైకి జరిపి నా పోస్టులు చదివింది. లీయా చదవడమంటే అలా ఉంటుంది, పక్కన పిడుగుపడ్డా తల ఎత్తదు.

"అక్కా, ఇది నా గురించి గాదు."

"మరి మీ చెల్లె అని రాసుంది, కనబడ్తలేదా?"

"అది సంతకమే. ఉత్తరం కింద రాస్తం గద, మీ చెల్లె అని. చుక్క వెట్టలేదు, గంతే. ఇగ జూడు, మొదటి పోస్టుల నువ్వేం రాసినవ్? 'చాయ్ ఒలికినా తెలియకుండా చదివితేనే చదివినట్టు.' రెండో దాంట్ల? 'జడ కోసుకునే ధైర్యమున్న పిల్లలే ఈ పుస్తకం ముట్టండి.' నేను చెప్పిన్నా నీకు గిట్ల రాయుమని?" దాని వేలు ఆగింది. "ఈ పిల్ల నువ్వు రాసిందల్ల చేసుకుంట పోతున్నదక్కా. చేసే రోజు ముందుగాల నీకు చెప్తున్నది."

మూడో పోస్టు నేనే పైకి చదివాను. 'దమ్ముంటే బావిలో దిగి కూర్చుని చదవండి. అప్పుడే దీని అసలు రుచి.'

ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, ప్రాణం లేచొచ్చింది. నా చెల్లె కాదు. అంతలోనే గోడ మీద గడియారం చూశాను. పదిన్నర. శనివారం. ఎవరో పిల్ల ఇవాళ బావిలోకి దిగుతోంది, నేను ఇక్కడ తాళమేసుకుని కూర్చున్నాను.

పీరప్ప మామకు ఫోన్ చేశాను. "బావి నవల ఎవరికిచ్చినవ్ మామా?"

"బగ్దల్ల బసవ్వ బిడ్డ లేదా, మహానంద? మూడు బుక్కులు గా పోరే తీస్కున్నది. ఎందుకు?"

ఆటో తెమ్మని అరిచాను. లీయా కూడా ఎక్కింది.

బసవ్వ ఇంటి ముందు మినుములు చెరుగుతోంది. నా పేరు చెప్పగానే చేట పక్కన పెట్టి లేచింది. "మీరేనా అక్క? మీ బ్లాగు జూసుకుంటనే తెలుగు చదువుడు అలవాటైంది అమ్మా మా పిల్లకు. అంతకు ముందు చదివితే కన్నడమే. మీరు రాసింది అక్షరం పొల్లు వోనియ్యదు. పొద్దుగాల్లనే పుస్తకం పట్కొని చేనుకాడికి వోయింది."

"చేనుకాడ బావి ఉన్నదా?"

ఆమె ముఖం మారిపోయింది. ముందు ఆమే పరుగెత్తింది.

చేను చివర పాత బావి. వానలకు సగానికి పైగా నిండింది. దగ్గరికి పోతుంటే లోపలి నుంచి గొంతు వినబడింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్న గొంతు. ఒక వాక్యం చదవడం, ఆగడం, అదే వాక్యం మళ్లీ చదవడం. చుట్టూ ఇంకో చప్పుడు లేదు. 

తొంగి చూశాను. గోడలో పొడుచుకొచ్చిన రాతి మెట్టు మీద, నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంది మహానంద. జుట్టు ఎగుడుదిగుడుగా, ఇంట్లో కత్తెరతో కోసుకున్నట్టుంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. కూర్చున్న రాయి ఒక పక్కకు ఒరిగిపోతోంది.

"మహానందా, నేను షెకినాను. మెల్లగ పైకి రా తల్లీ."

తల ఎత్తింది. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇంక ఇరవై పేజీలున్నయ్ అక్కా. మీరు బ్లాగుకు రావద్దన్నరు. మంచిగ చదువుతలేనని కోపమొచ్చిందనుకున్న. గిది పూర్తి చేసి మీకు చెప్దామని."

నా నోరు పడిపోను.  పీరప్ప మామ ఆటోలో సామాను కట్టే తాడు తెచ్చి నా నడుముకు కట్టాడు. నేను ఒక్కో మెట్టూ దిగుతుంటే ఆ పిల్ల కింది రాయి కదిలింది. పుస్తకం నీళ్లలో పడి మునిగిపోయింది. దాని వైపే వంగింది.

"వద్దు! చెయ్యియ్యి!"

చేయి ఇవ్వలేదు. నీళ్ల వైపే చూస్తోంది. "ఆఖరుకు ఏమైతది అక్కా? ఆ పిల్ల పైకొస్తదా? మీరు చదివిన్రు గద, చెప్పుండ్రి. చెప్తేనే వస్త."

నాకేం తెలుసు? పైన లీయా "అక్కా" అని ఏదో చెప్పబోయింది. వినే టైము లేదు. "వస్తది," అన్నాను. "వాళ్లక్క బావిలకు దిగి చెయ్యిస్తది. చెయ్యి పట్టుకొని పైకొస్తది. గంతే కథ."

ఆ పిల్ల నన్ను కాసేపు చూసి చేయి చాచింది. మంచుముద్దలా ఉంది ఆ చేయి. రాయి వెనకనుంచి జారి నీళ్లలో పడింది, మేమిద్దరం గోడకు అంటుకుని పైకొచ్చాం. బసవ్వ కూతుర్ని రెండు చెంపలూ వాయించి, గుండెకు హత్తుకుని గొల్లుమంది. మహానంద ఏడవలేదు. తల్లి భుజం మీదుగా నన్నే చూస్తూ నిలబడింది.

వాళ్లను ఇంటి దగ్గర దింపి ఆటో తిప్పాం. లీయా వెనక్కి తిరిగి ఆ ఇంటినే చూస్తోంది. బెదిరిందేమోనని దగ్గరికి తీసుకున్నాను.

"నీకెవరు చెప్పిన్రక్కా ఆఖరు?" అంది మెల్లగా. "నేనింక చెప్పలే గద. నువ్వన్నట్టే ఉంటది పుస్తకంల. అక్క దిగుతది. చెయ్యిస్తది. పట్టుకొని పైకొస్తది."

"ఇంకేం మరి, మంచిదే గద!"

"పైకొచ్చేది ఆ పిల్ల గాదు. ఆ పిల్ల రూపంల ఇంకేదో."

చలి ఇంకా నా అరచేతిలోనే ఉంది. వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో బసవ్వ కొంగుతో కూతురి తల తుడుస్తోంది, ఏదో అడుగుతోంది. జవాబు చెప్పకుండా ఆ పిల్ల మా ఆటోను చూస్తోంది. పారిపోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. కానీ ఆ తల్లికి ఏం తెలుసు? ఆ కథ ఆ పిల్లకు అంటగట్టింది నేను. పైకి లాగింది కూడా నేనే.

"ఆపు మామా," అని ఆటో దిగి, ఆ గుమ్మం వైపు నడిచాను.